మైనస్ గుర్తు

అయస్కాంతం పైపులోకి వదిలారు. ఇంకా కింద పడలేదు. తార్నాకలో ట్రైనింగ్ హాలు నిండా ఫిజిక్స్ లెక్చరర్లమే, అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

మీటరు రాగి పైపు. అంతకుముందు అదే సైజు ఇత్తడి ముక్క వేస్తే అర సెకనులోపే టక్కున పడింది. అయస్కాంతం మాత్రం తేలుతున్నట్టు మెల్లగా దిగింది. అయస్కాంతం కదలడం వల్ల పైపు గోడలో సుడుల్లా పుట్టిన కరెంట్లు, అంటే ఎడ్డీ కరెంట్లు, దాన్ని అడ్డుకుంటున్నాయి.

ఏమవుతుందో ముందే కాగితం మీద రాయమన్నారు ట్రైనర్ గారు. రాసి, ఎందుకో పక్కవాళ్లకి చెప్పాకే వదిలారు. అందుకేనేమో, తెలిసిన జవాబైనా గుండె కొట్టుకుంది.

అలా పుట్టిన కరెంటు తనను పుట్టించిన మార్పునే అడ్డుకుంటుందనేది లెంజ్ నియమం. పద్నాలుగేళ్లుగా దాన్ని చెబుతున్నాను. సమీకరణంలో ఆ మైనస్ గుర్తు వేసి, "వ్యతిరేక దిశ" అని రాయించి ముందుకెళ్లిపోయేదాన్ని. ఎంసెట్, జేఈఈ, సిలబస్ టెన్షన్... అన్నీ నిజమే. కానీ ఇన్ని బ్యాచ్‌ల పిల్లలు దీన్ని కళ్లతో చూడకుండానే వెళ్లిపోయారు. ఆ బాధ సాయంత్రం దాకా వదల్లేదు.

వస్తూ రాణిగంజ్‌లో ఆగి రాగి పైపు కొన్నాను. రేపు మొదటి పీరియడ్ సెకండియర్ వాళ్లదే.