టాప్ తీసి కొండవీడు దాకా

మాఘమాసం వస్తే విజయవాడలో టాప్ లేని బండికి గిరాకీ పెరుగుతుంది. పెళ్ళికొడుకును ఊరేగించాలి కదా! కొందరు పాత జీపు కోసం వెతుకుతారు, కొందరు గుర్రపు బగ్గీ మాట్లాడుకుంటారు. మా బంధువుల పెళ్ళిలో ఆ తిప్పలు తప్పాయి. మా మేనల్లుడు హైదరాబాదు నుంచి తన మినీ కూపర్ కన్వర్టబుల్ వేసుకొచ్చాడు. రాత్రంతా బ్యాండు మేళం వెనక నడక వేగంతో తిరిగిన ఆ కారుకు మర్నాడు పనేమీ లేదు. గుంటూరులో మా మాస్టారికి అరిసెలు, తాంబూలం ఇచ్చి రావాలి. రాత్రి పెళ్ళిళ్ళకు రావడం ఆయన మానేశారు. ఆయన షెడ్డులోనూ ఒక టాప్ లేని కారుంది. నేను ఎగిరి గంతేసి బయల్దేరింది దాని కోసమే.

ఇంకా చీకటి ఉండగానే కారెక్కాం. స్విచ్చి నొక్కి పట్టుకుంటే మినీ పైకప్పు మొదట కొంచెం వెనక్కి జరిగి ఆగుతుంది. మళ్ళీ నొక్కితే మొత్తం మడతపడి వెనక సీటు వెనక్కి చేరుతుంది. 18 సెకన్లలో అయిపోతుంది, గంటకు 30 కిలోమీటర్ల లోపైతే నడుస్తుండగానే తీయవచ్చు, వేయవచ్చు. ఆ మడతల్లో దాక్కున్న బంతిరేకులు బందరు రోడ్డు పొడుగునా ఒక్కొక్కటే ఎగిరి నా ముఖాన పడ్డాయి.

ప్రకాశం బ్యారేజీ మీద ఎన్ని వందల సార్లు వెళ్ళి ఉంటానో! కానీ కారులో వెళ్తూ ఇంద్రకీలాద్రిని పైదాకా చూడాలంటే ఎప్పుడూ మెడ వంచి అద్దంలోంచి తొంగిచూడాల్సిందే. ఆ రోజు తల ఎత్తితే చాలు, కొండ కొండంతా కనిపించింది. 1952లో పాత ఆనకట్టకు గండి పడ్డాక కట్టిన బ్యారేజీ ఇది, 1957లో ప్రారంభమైంది. గేట్ల దగ్గర నీటి వాసన ఒక రకం, సీతానగరం వైపు దిగేటప్పుడు తడిమట్టి వాసన మరో రకం. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఎవరో పొయ్యి వెలిగించిన పొగ. ఏసీ కారులో ఇవేవీ లోపలికి రావు. విజయవాడ ఎండల్లో ఏసీని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు గానీ, అమెరికాలో కన్వర్టబుళ్ళను వెనక్కి నెట్టిన కారణాల్లో కారు ఏసీ ఒకటి. బోల్తా పడితే ప్రాణాలకు ముప్పన్న భయమూ దానికి తోడైంది. 1976లో క్యాడిలాక్ ఎల్డొరాడోను ఇక ఇదే ఆఖరిదని చెప్పి అమ్మారు. 1989లో మాజ్దా ఎంఎక్స్-5 అనే చిన్న రెండు సీట్ల కారు వచ్చి పోయిన ముచ్చటను మళ్ళీ తెచ్చింది.

కాజ టోల్‌గేటు వరుసలో మా పక్కన ఆర్టీసీ బస్సు ఆగింది. మంగళగిరిలో కట్టించుకున్న ఇడ్లీ పొట్లం అప్పుడే ఒళ్ళో విప్పాను. బస్సు కిటికీల్లోంచి చూసేవాళ్ళకు మేం పళ్ళెంలో పెట్టినట్టే ఉన్నాం.

"బాబూ, ఆ చట్నీ పొట్లం కాస్త ఎత్తి పట్టుకో, కారిపోతోంది" అంది పైనుంచి ఒక పెద్దావిడ.

నిజంగానే కారుతోంది. అక్కడి నుంచి మాటలు మొదలయ్యాయి. ఈ కారెంత, వానొస్తే ఎలా, నిన్న పెళ్ళి ఎవరిది, కట్నం ఎంత ఇచ్చారు! ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేలోపు బస్సు కదిలింది.

మిర్చి యార్డు చూస్తానని మేనల్లుడు పట్టుబట్టాడు. వద్దని చెప్పాను. చిలకలూరిపేట రోడ్డులో మిర్చి టిక్కీల (బస్తాల) లారీల మధ్యకు చేరేసరికి గొంతులో మంట మొదలైంది, తుమ్ములు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ స్విచ్చి నొక్కాడు. మామూలుగా చిటికెలో అయినట్టుండే ఆ 18 సెకన్లు ఎంత సాగాయో! తీరా పైకప్పు పడ్డాక ఘాటు లోపలే చిక్కుకుపోయింది. మళ్ళీ తీశాం. మూటలు మోసేవాళ్ళు మాత్రం తలకు చుట్టిన తువ్వాలును ముక్కుకు అడ్డంగా లాక్కుని, మమ్మల్ని చూసి నవ్వుతూ పనిచేసుకుపోతున్నారు.

మాస్టారు అరండల్‌పేటలో ఉంటారు. ఆయనది 1960 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ కన్వర్టబుల్, కూనూరు వైపు నుంచి చేతులు మారి వచ్చిన కారు. హెరాల్డ్ మనవాళ్ళకు కొత్తేమీ కాదు. 1961 నుంచి స్టాండర్డ్ కంపెనీ మద్రాసులో దాన్ని తయారుచేసింది. మేం వెళ్ళేసరికి మాస్టారు బానెట్ ఎత్తి, ముందు టైరు మీద కూర్చుని ఆయిల్ చూస్తున్నారు. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు లేచిపోతుంది, ఇంజను చుట్టూ అడ్డేమీ ఉండదు. స్టూలు అక్కర్లేదు, టైరే స్టూలు.

"టాప్ దించుదామా, మాస్టారూ?" అన్నాడు మేనల్లుడు.

"దించుదాం. తొందరపడకు."

అద్దం పైనున్న రెండు క్లిప్పులు విప్పారు. చుట్టూ ఉన్న బొత్తాలు ఒక్కొక్కటే వేలితో ఊడదీశారు. వెనక కిటికీ గాజు కాదు, పసుపు తిరిగిన ప్లాస్టిక్. అది మడతలో గీసుకుపోకుండా ఉతికిన పాత పంచె ముక్కను దాని మీద పరిచి, అప్పుడు కమ్మీలతో సహా గుడ్డను వెనక్కి వాల్చారు. పసిపిల్లకు పక్క వేస్తున్నట్టుంది ఆయన వాలకం. మేనల్లుడు ఫోను జేబులో పెట్టేసి చూస్తూ నిలబడ్డాడు.

హెరాల్డ్‌లో కొండవీడుకు బయల్దేరాం, సుమారు పాతిక కిలోమీటర్లు. ఈ కారుకు అడుగున విడిగా షాసీ, అంటే ఇనుప చట్రం, ఉంది కాబట్టి పైకప్పు ఉన్నా లేకపోయినా దాని బలానికి పెద్ద లోటు లేదని మాస్టారు దారిలో చెప్పారు. ఇప్పటి కార్లలో బాడీయే షాసీ. పైకప్పు తీసేస్తే పెట్టె మూత పోయినట్టే, అందుకే అడుగున అదనంగా ఇనుము వేసి బిగిస్తారు. మినీలో బోల్తా పడితే తలలను కాపాడటానికి వెనక నుంచి కమ్మీలు పైకి తన్నుకొస్తాయి. హెరాల్డ్‌లో అలాంటివేమీ లేవు, నడిపేవాడి బుద్ధే దిక్కు. మాస్టారు గంటకు యాభై దాటనివ్వలేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో మరీ నెమ్మదించారు. వెనక చక్రాల స్వింగ్ యాక్సిల్ (చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే ఇరుసు) వల్ల మలుపులో వేగంగా పోతే చక్రం లోపలికి ముడుచుకుని బండి పట్టు తప్పుతుందట.

ఆ నెమ్మదే నాకు నచ్చింది. మినీలో అరవై దాటాక గాలి వెనక నుంచి తిరిగి వచ్చి చెవుల్లో దూరింది, మాటలు వినపడలేదు. హెరాల్డ్ రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే మా మాటలతో పాటు పొదల్లో పిట్టలూ, ఎక్కడో గొర్రెల గంటలూ వినిపించాయి. అద్దంకి నుంచి రాజధానిని ఈ కొండ మీదికి తెచ్చిన రెడ్డిరాజుల గోడలు మలుపు మలుపుకూ ఒకసారి తల మీద, ఒకసారి భుజం పక్కన కనిపించాయి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్న కోట ఇదే. సగం దారిలో రేడియేటరు చల్లారనిద్దామని ఆగినప్పుడు, గోడ మీద కోతి ఒకటి దిగి వచ్చి వెనక సీట్లోని అరిసెల డబ్బా మీద చెయ్యి వేసింది. టాప్ లేని కారుకు ఉన్న అసలు లోపం అదే. మాస్టారు హారన్ కొట్టి దాన్ని తరిమారు.

గుంటూరు తిరిగొచ్చాక మేనల్లుడు చిన్నగా బేరం మొదలుపెట్టాడు. మాస్టారు విననట్టే తలుపు రబ్బరు బీడింగు చూపించి, ఎండకు పగిలిపోయిందనీ, సరిపోయేది గుంటూరులో దొరకడం లేదనీ అన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో వెతుకుతానని వాడు కొలతలు రాసుకున్నాడు. సాయంత్రం హైవే నిండా లారీల పొగ. మంగళగిరి రాకముందే టాప్ వేసేసి, ఏసీ పెట్టుకుని, ఇంటికి చేరేదాకా ఇద్దరం వాదించుకున్నాం: ఆయన ఎంతకైతే అమ్ముతారని వాడు, అసలు అమ్మరని నేను.