చింపిన కాగితాలకి మేళాలో స్టాల్ వచ్చింది, కానీ ముందు జరిగింది వినండి

నిన్న మెసేజ్ వచ్చింది, హస్తకళల మేళాలో నాకు సగం స్టాల్ ఇచ్చారు, మిగతా సగం జనపనార బ్యాగులు చేసే ఆవిడది. సంతోషమే కానీ ఒళ్లుమంట ఇంకా తగ్గలేదు, తగ్గకముందే రాసేస్తున్నా.

నేను చేసేది పాత పేపర్లు, క్యాలెండర్లు, శుభలేఖలు వేళ్లతో చింపి అట్ట మీద బొమ్మలుగా అతికించడం. కత్తెర ముట్టను. ఇంకా మా అమ్మమ్మ చేసినట్టు కాగితాలు నానబెట్టి మెంతులు వేసి రుబ్బి, బోర్లించిన బిందె మీద అద్ది ఎండబెట్టి బుట్టలు కూడా చేస్తా.

ఫారం, ఆధార్, పాస్‌బుక్ జిరాక్సు, ఫోటోలు, ఇవన్నీ ఇట్టే అయిపోయాయి.

తర్వాత వస్తువులు చూపించమని ఆఫీసుకి పిలిచారు. నా ముందు కలంకారీ వాళ్లు, కొండపల్లి బొమ్మల వాళ్లు, వాళ్లకి మర్యాదలు. నా వంతు రాగానే మధ్యలో కూర్చున్న సారు చెరువులో గేదెల బొమ్మని తలకిందులుగా పట్టుకుని "ఏమ్మా, ఇంట్లో కత్తెర లేదా? మా మనవడి స్కూల్ ప్రాజెక్టు ఇలాగే ఉంటది" అన్నాడు, పక్కనున్నవాళ్లు నవ్వారు, వెనక లైన్లో వాళ్లు కూడా. నవ్వడం అయ్యాక "క్యాటగిరీ ఏంటి?" అంట. పేపర్ కటింగ్ ఉంది, క్విల్లింగ్ (సన్న కాగితం పట్టీలు చుట్టి చేసేది) ఉంది, చింపడం లిస్టులో లేదు. పక్క టేబుల్‌కి పొమ్మన్నారు, వాళ్లు మళ్లీ ఇక్కడికే పంపారు. చివరికి బుట్టలు చూసి "ఇవి పేపర్ మాషీ, రాసుకుంటాం, బొమ్మలు ఇంటికి తీసుకుపో" అన్నారు.

నేను కదల్లేదు. ఆయన టేబుల్ మీది న్యూస్‌పేపరే అడిగి తీసుకుని నిలువుగా చింపా, గీత గీసినట్టు వచ్చింది. అడ్డంగా చింపా, వంకరటింకర. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా ఒకే వైపు పరుచుకుంటుంది సార్, అందుకే అన్నా. క్యాలెండర్ కాగితం చింపితే ఒక ముక్కకి తెల్ల అంచు వస్తుంది, రెండోదానికి రాదు, ఏ చేత్తో ఎటు లాగామన్నదే లెక్క, గేదె వీపు మీద ఆ మెరుపు రంగు కాదు ఆ అంచే అని చూపించా. ఉహూ, మొహంలో మార్పు లేదు. జపాన్‌లో దీన్ని చిగిరి-ఎ అంటారు, వాషి అనే అక్కడి సంప్రదాయ కాగితం చింపితే అంచున బయటికొచ్చే పీచు కోసమే చింపుతారు అనగానే "జపానా?" అని కళ్లజోడు పెట్టుకున్నాడు! మన అమ్మమ్మల పని మనకి చెత్త, బయటి పేరు తగిలిస్తే కళ. దేశం మొత్తం ఇంతే.

మీరూ వెళ్లేట్టయితే జపాన్ మాట మొదట్లోనే చెప్పేయండి, టైం కలిసొస్తది. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు, కానీ అది విషం, పిల్లలకి అందనివ్వొద్దు. అట్ట వెనకవైపు కూడా ఒక కాగితం అతికించండి, లేకపోతే ఆరాక వంగిపోతుంది, వంకర కనిపిస్తే వాళ్లకి ఇంకో సాకు దొరుకుతుంది. ఆ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకి మాత్రం పోకండి, దోపిడీ.

మేళాకి వచ్చేవాళ్లు పాత శుభలేఖలుంటే పట్టుకురండి, నాకు ముదురు ఆకుపచ్చవి అస్సలు దొరకట్లేదు.