భూతద్దం కింద ఉప్పు

భూతద్దాన్ని కొద్దిగా పైకి ఎత్తగానే మసకగా కనిపిస్తున్న తెల్లని చుక్కలన్నీ ఒక్కసారిగా ఘనాలుగా మారాయి. రాత్రి గాజు పలకపై వదిలిన ఉప్పునీరు తెల్లవారేసరికి ఆరిపోయి, ఉలితో చెక్కినట్లున్న ఈ చిన్న పెట్టెలను మిగిల్చింది.

ఉప్పులోని సోడియం పరమాణువు తన బాహ్య కక్ష్యలోని ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ను వదులుకొని ధనావేశాన్ని, ఆ ఎలక్ట్రాన్‌ను అందుకున్న క్లోరిన్ రుణావేశాన్ని పొందుతాయి; ఆపై ప్రతి అయాన్ (ఆవేశం పొందిన పరమాణువు) చుట్టూ వ్యతిరేక ఆవేశం గల ఆరు అయాన్లు పైన, కింద, నాలుగు పక్కలా చేరి, అదే అమరిక కోటానుకోట్ల సార్లు పునరావృతమై, చివరకు నా కంటికి ఆనే ఘనంగా నిలుస్తుంది.

నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసిన విషయం వేరే ఉంది. ఈ స్ఫటికంలో విడిగా ‘ఉప్పు అణువు’ అనేదే లేదు. 1913లో భౌతిక శాస్త్రవేత్త లారెన్స్ బ్రాగ్ ఎక్స్-కిరణాల సాయంతో ఈ అమరికను వెల్లడించాడు. బడిలో ఒక సోడియం, ఒక క్లోరిన్ జంటగా బొమ్మ గీసిన నాకు, ఏది ఎవరి జంటో చెప్పలేని ఈ నిర్మాణం ఎంతో అందంగా తోచింది.

ఈ స్ఫటికాన్ని వేడితో ద్రవంగా మార్చాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. నేను ఒక్క నీటిచుక్క వేశాను. ముందుగా మూలలు గుండ్రబడ్డాయి, కాసేపటికి ఘనం కనబడకుండా పోయింది.