ఐఆర్‌కి అట్లాస్ ముందు, హెడ్‌లైన్స్ తర్వాత

హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఏ స్టడీ హాల్‌కి వెళ్లినా పాలిటీ గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు దొరుకుతారు. ఇంటర్నేషనల్ రిలేషన్స్ (ఐఆర్) అనగానే "కరెంట్ అఫైర్స్‌లో చూసుకుందాంలే" అంటారు. సివిల్స్ మెయిన్స్ జీఎస్ రెండో పేపర్‌లో అది సిలబస్‌లో భాగం. మన గ్రూప్-1 ప్రిలిమ్స్ సిలబస్‌లోనూ ఉంది. అయినా చాలామంది నెలవారీ మ్యాగజైన్ తెరిచి, ఏ సదస్సు ఎక్కడ జరిగింది, థీమ్ ఏంటి అని బట్టీ పట్టి ఊరుకుంటారు. దాంతో ఒకటో రెండో బిట్లు పెట్టొచ్చేమో గానీ, ఎర్రసముద్రంలో అలజడి మన దేశాన్ని ఎలా తాకుతుందని మెయిన్స్‌లో అడిగితే ఆ థీమ్‌లు ఎందుకూ పనికిరావు.

నేనైతే అట్లాస్‌తో మొదలుపెట్టాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతది కొనుక్కున్నా సరిపోతుంది. సరిహద్దులు కొన్ని మారి ఉంటాయి గానీ జలసంధులు ఎక్కడికీ పోవు. ఒక గొడవ పేపర్లో కనిపించగానే మూడు ప్రశ్నలు వేసుకునేవాణ్ని. ఆ దారిలో ఏం వెళ్తుంది? ఆగిపోతే బిల్లు ఎవరు కడతారు? ఎవరు మౌనంగా ఉన్నారు?

గల్ఫ్ నుంచి సముద్రంలోకి దారి అయిన హర్మూజ్ జలసంధినే తీసుకోండి. పైన ఇరాన్, కింద ఒమన్, బాగా ఇరుకైన చోట వెడల్పు 33 కిలోమీటర్లు. 2024లో ఆ దారిన రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్ల చమురు వెళ్లింది, అంటే ప్రపంచం వాడే దాంట్లో ఐదో వంతు. ఖతార్ గ్యాస్ కూడా అటే రావాలి. మనం ముడిచమురులో 85 శాతానికి పైగా బయట కొంటున్నాం కాబట్టి అక్కడ టెన్షన్ పెరిగితే ఇక్కడ దిగుమతి బిల్లు, రూపాయి, ధరలు అన్నీ కదులుతాయి. మా రూమ్‌మేట్‌ది జగిత్యాల, వాళ్ల నాన్న గల్ఫ్‌లో పని చేస్తారు. ఇరాన్ వార్త వచ్చిన రోజు మేము చమురు ధర చూసేవాళ్లం, వాడు ఇంటికి ఫోన్ చేసేవాడు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల భద్రత, వాళ్లు పంపే డబ్బు అనే పాయింట్ నా నోట్స్‌లోకి వాడి వల్లే వచ్చింది.

ఎర్రసముద్రానికి దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మాందెబ్ జలసంధి కథ ఇంకా ఆసక్తికరం. 2023 నవంబర్ నుంచి యెమెన్‌లోని హూతీ సాయుధులు ఓడల మీద దాడులు మొదలుపెట్టడంతో పెద్ద కంపెనీల ఓడలు ఎర్రసముద్రం, సూయజ్ కాలువ దారి వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. యుద్ధంలో లేని ఈజిప్టుకు సూయజ్ ఆదాయం 2023లో 1,000 కోట్ల డాలర్లు దాటితే, 2024లో 400 కోట్లకు పడిపోయింది. చెప్పుకోదగ్గ నౌకాదళం లేని ఒక గుంపు డ్రోన్లతో, క్షిపణులతో ఇంత పని చేసింది. అధికారం చేతులు మారడమంటే అమెరికా నుంచి చైనాకు వెళ్లడం ఒక్కటే కాదని నాకు అక్కడే అర్థమైంది.

ఉక్రెయిన్‌ని 2022 ఫిబ్రవరి 24తో మొదలుపెట్టకండి. ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకున్నందుకు భద్రత హామీలిచ్చిన 1994 బుడాపెస్ట్ ఒప్పందం, 2014లో రష్యా క్రిమియాను కలిపేసుకోవడం చదవకుండా ఏ వాదనా నిలబడదు. ఆ తర్వాత ఓట్లు చూడండి. 2022 మార్చి 2న ఐరాస సర్వసభ్య సభలో రష్యాను తప్పుబట్టే తీర్మానానికి అనుకూలంగా 141, వ్యతిరేకంగా 5 ఓట్లు పడ్డాయి, 35 దేశాలు తటస్థంగా ఉన్నాయి. అందరూ 141 రాస్తారు. మార్కులు తెచ్చేది ఆ 35. మనతోపాటు చైనా, దక్షిణాఫ్రికా అందులోనే ఉన్నాయి, ఎవరి కారణం వాళ్లది.

ఈ యుద్ధం మొదలయ్యాక రష్యా విదేశీ మారక నిల్వల్లో సుమారు 30,000 కోట్ల డాలర్లను పశ్చిమ దేశాలు స్తంభింపజేశాక కేంద్ర బ్యాంకులు బంగారం వైపు మళ్లాయి. 2022, 2023, 2024ల్లో ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. బంగారం రేటు ఎందుకు ఇలా ఉందని ఇంట్లో అమ్మ అడిగితే చెప్పదగిన కారణాల్లో ఇదొకటి. అలాగని డాలర్ పని అయిపోయిందని రాయకండి. 2024లో కూడా ప్రపంచ విదేశీ మారక నిల్వల్లో దాని వాటా సగానికి పైనే. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)లో కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే సుమారు 16.5 శాతం ఉంది, అంటే అది వద్దంటే ఆ నిర్ణయం ఆగినట్టే. మనం, చైనా, రష్యా ఉన్న బ్రిక్స్ కూటమి పెరిగింది నిజమే, కానీ అందులోని ఈజిప్టు, ఇథియోపియాలకు నైలు ఆనకట్ట దగ్గర పడదు. మనకూ చైనాకూ మధ్య గల్వాన్ సంగతి చెప్పక్కర్లేదు.

టీవీ డిబేట్లు మానేశాను. వాటిలో మూడో ప్రపంచ యుద్ధం రోజూ రాత్రి తొమ్మిదికి మొదలై పదికి ముగుస్తుంది. వాటి బదులు విదేశాంగ శాఖ ప్రకటనలు చదివేవాణ్ని. సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ దగ్గర మా నలుగురికీ ఒక ఆట ఉండేది. ఎవరికి ఏ దేశమంటే పడదో వాళ్లు ఆ దేశం తరఫునే మాట్లాడాలి. చైనా మీద మండిపడే మావాడు చైనా తరఫున, తమ చమురు వచ్చే మలక్కా జలసంధిని ఎవరైనా అడ్డుకుంటారేమోనన్న భయం గురించి మాట్లాడిన రోజు, మేం ముగ్గురం నోట్స్ రాసుకున్నాం.

మాక్ ఇంటర్వ్యూలో ఉక్రెయిన్ తీర్మానంపై మన ఓటు గురించి నన్ను అడిగారు: "తటస్థంగా ఉండటం పిరికితనం కాదా?" ఉక్రెయిన్‌లో చిక్కుకున్న వేలమంది మన వైద్య విద్యార్థుల గురించి, చైనా సరిహద్దు గురించి, రష్యా ఆయుధాల గురించి చెప్పాను. "ఆయుధాల కోసం ఎంతకాలం వాళ్ల మీదే ఆధారపడతాం?" అని వెంటనే మరో ప్రశ్న. ఆయుధ వ్యాపారాన్ని లెక్కగట్టే స్వీడన్ సంస్థ సిప్రీ లెక్కల్లో 2019–23 మధ్య మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 36 శాతమని, 2009–13లో అది 76 శాతమని చెప్పాను. ఆయన తలూపి వేరే సబ్జెక్ట్‌కి వెళ్లిపోయారు. ఇలాంటి అంకెలు దేశానికి రెండు చొప్పున నా నోట్‌బుక్ వెనక పేజీల్లో ఉండేవి. మీరు రాసుకునేటప్పుడు పక్కనే సంవత్సరం కూడా వేసుకోండి, వచ్చే ఏడాది అవే అంకెలు ఉండవు.