ఫారంలో పద్నాలుగో గడి

పీజీ అడ్మిషన్ ఫారంలో పేరు, ఊరు, మార్కులు అన్నీ గబగబా నింపేసి పద్నాలుగో గడి దగ్గర ఆగిపోయాను. మీ మీద ఏదైనా క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉందా? ఉంది. గంజాయి కేసు, ఒడిశాలోని మా పర్లాకిమిడి కోర్టులో, అప్పటికి మూడేళ్లుగా నడుస్తోంది.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, లేకపోతే మీరే ఏదో ఊహించుకుంటారు. 2021లో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా మా వీధి కుర్రాడొకడు, మోహన అనే ఊరి వైపు నుంచి ఒక సంచి తేవాలి, బండి తియ్యి, పెట్రోలు కాక ఐదొందలిస్తానన్నాడు. సంచిలో ఏముందో నాకు తెలీదని మా లాయరు కోర్టులో వాదిస్తున్నాడు కాబట్టి ఇక్కడ అంతకు మించి రాయను. తూకం వేస్తే 4 కిలోల 200 గ్రాములు తేలింది. ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంలో గంజాయి కిలో వరకు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వ్యాపార మొత్తం. మాది ఈ రెండిటి మధ్యది, నేరం రుజువైతే పదేళ్ల వరకూ పడొచ్చు. 20 దాటి ఉంటే బెయిల్ గగనమయ్యేది. నేను 52 రోజులకి బయటపడ్డాను.

లోపల నాకు ఆశ్చర్యమనిపించింది ఏంటంటే, మా గదిలో శిక్ష పడ్డవాడు ఒక్కడూ లేడు, అందరూ వాయిదాల కోసం కాచుకున్నవాళ్లే. దేశమంతా అంతేనట, కేంద్రం వాళ్లు తీసిన 2022 ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో జైళ్లలో ఉన్నవాళ్లలో 75 శాతానికి పైగా విచారణ ఖైదీలే. మాతో ఇద్దరు సవర గిరిజనులుండేవారు, కొండ దిగి మూట మోసినందుకు లోపలికొచ్చినవాళ్లు, మూట ఎవరిదో వాళ్లకే సరిగ్గా తెలీదు. వాళ్ల కాగితాలు ఒడియాలో ఉంటే నేను చదివి చెప్పేవాణ్ణి. అప్పట్నించి నన్ను మాస్టారూ అని పిలవడం మొదలెట్టారు. డిగ్రీ ఫెయిలయ్యే మొహానికి మాస్టారు!

బయటికొచ్చాక చట్టం కంటే ముందు హాజరు దెబ్బ కొట్టింది. 75 శాతం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు, జైల్లో ఉన్నానని మినహాయింపు ఇవ్వరు, జబ్బు చేసిందంటే ఇస్తారు. మా అమ్మ పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో ఎవరినో పట్టుకుని మూడొందలకి కామెర్ల సర్టిఫికెట్ తెచ్చేసింది, నా పేరు, రౌండు సీలు, పచ్చ ఇంకు సంతకం అన్నీ ఉన్నాయి. ఎందుకైనా మంచిదని లాయరుకి చూపించాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టేసుకుని, ఒరే, కామెర్లొచ్చాయన్న రోజుల్లో నువ్వెక్కడున్నావో జైలు రిజిస్టర్లో ఉంది, ఇది పెడితే రెండో కేసు నేను వాదించను అన్నాడు. ఏడాది పోయింది. ఆ రోజు ఆయన మీద చచ్చేంత కోపం వచ్చింది గానీ, ఈ నాలుగేళ్లలో నాకు దొరికిన మంచి సలహా అదే.

బెయిల్ షరతుల్లో ఇంకోటి, కోర్టు అనుమతి లేకుండా ఒడిశా దాటకూడదు. వేరే ఊళ్లో ఇది పెద్ద విషయం కాదు. మాకు పాతపట్నం అంటే షేర్ ఆటోలో వెళ్లొచ్చే దూరం, మా అమ్మమ్మ ఇల్లు అక్కడే, చిన్నప్పుడు మధ్యాహ్నం భోజనానికి వెళ్లి సాయంత్రానికి వచ్చేసేవాళ్లం. అమ్మమ్మ పోయినప్పుడు పిటిషన్ వేసి, ఆర్డర్ కాపీ చేతికొచ్చి నేను వెళ్లేసరికి మూడో రోజు. శ్రీకాకుళంలో పీజీ చేద్దామనుకున్నది కూడా అందుకే మానేసి ఒడిశాలోనే ఉన్న బరంపురం వైపు చూశాను.

ఇక ఆ పద్నాలుగో గడి. మన దగ్గర చాలామంది ఈ ప్రశ్నల్ని కలిపేసుకుని భయపడతారు. అరెస్టయ్యారా, కేసు నడుస్తోందా, శిక్ష పడిందా, ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. శిక్ష పడిందా అని మాత్రమే అడిగితే నా జవాబు లేదు, అది అబద్ధం కాదు. పెండింగ్‌లో ఉందా అంటే ఉంది అనే రాయాలి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగాల ఫారాల గురించి చెప్పింది కూడా ఇలాంటిదే, ఫారంలో స్పష్టంగా అడిగిన దాన్ని దాచకూడదు, అడగని దాన్ని చెప్పలేదని తప్పు పట్టకూడదు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ అనలేదు, అదొక మెలిక.

నాతో పాటు పట్టుబడ్డ ఆ కుర్రాడికి అప్పుడు 17, నాకు 19. వాడి కేసు మైనర్ల కేసులు చూసే జువెనైల్ బోర్డుకి వెళ్లింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇలాంటి కేసులో తప్పు చేశాడని తేలినా అది వాడి చదువుకీ ఉద్యోగానికీ అనర్హత కాదు, అప్పీలు గడువయ్యాక రికార్డు కూడా తీసేయాలి. సంచి వాడిది, గడి నాది. కుళ్లుకోలేదంటే నమ్మకండి.

ఉంది అని రాసి, కేసు నంబరు వేసి, బెయిల్ ఆర్డర్ జిరాక్స్ పిన్ను కొట్టి ఇచ్చాను. కౌంటర్లో గుమస్తా చదివి, తలెత్తి నన్ను చూసి, మళ్లీ చదివి, ఇది రాయమని నీకెవరు చెప్పారు బాబూ, అందరూ లేదనే రాస్తారు కదా అన్నాడు. నాలుగు రోజుల తర్వాత పిలిచి ముగ్గురు కూర్చుని అడిగారు. వాళ్లలో ఒకావిడ గంజాయి గురించి ఒక్క ముక్క అడగలేదు, వాయిదాలకి నెలకి ఎన్ని రోజులు పోతాయని అడిగింది. ఒకటి, ఒక్కోసారి నా హాజరు మినహాయించమని 317 పిటిషన్ వేసి లాయరే చూసుకుంటాడు, నేను రానక్కర్లేదు అన్నాను. (అది పాత సీఆర్పీసీ సెక్షను, కొత్త కేసులకైతే దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 355.) హామీ పత్రం రాయించుకుని సీటిచ్చారు. శిక్ష పడితే సీటు సంగతి మళ్లీ చూస్తామని అందులోనే ఉంది, సంతకం పెట్టాను.

క్లాసులో ఇద్దరికి తెలుసు. ఒకడు నాతో మాట్లాడ్డం మానేస్తాడేమో అనుకున్నాను, నోట్సు ఇస్తూనే ఉన్నాడు. రెండోవాడు హాస్టల్లో ఏది పోయినా ముందు నా మొహం చూస్తాడు.

వచ్చే నెల 9న వాయిదా, సంచి పట్టుకున్నప్పుడు సంతకం పెట్టిన పంచనామా సాక్షి రావాలి, పోయినసారి రాలేదు. అదే రోజు పదింటికి ఇంటర్నల్ పరీక్ష. లాయరుకి రాత్రి ఫోన్ చేస్తే, సాక్షి వస్తే నువ్వుండాలి, రాకపోతే అక్కర్లేదు, వస్తాడో లేదో ఆ రోజు పొద్దున గానీ తెలీదు అన్నాడు. ఉదయం ఆరింటి బస్సుకి ఒక సీటు చెప్పి ఉంచాను.