అనంతపురం నుంచి గుల్‌మార్గ్‌కి: మంచు మీద ఆరు రోజులు

రెండో రోజు పొద్దున కిటికీలో పెట్టిన ఊరగాయ సీసాని వంచితే నూనె కదల్లేదు. శెనక్కాయ నూనె 3 డిగ్రీల దగ్గరికి వస్తే చిక్కబడి పేరుకుంటుంది. రాత్రి బుఖారీలో (గదిని వెచ్చబరిచే కాశ్మీరీ పొయ్యి) కట్టెలు ఆరిపోయాక గది అంతగా చల్లబడిందన్నమాట. సీసాని పొయ్యికి రెండు మూరల దూరంలో పెడితే పావుగంటలో కరిగింది, రుచి చెడలేదు. ఎండాకాలం 42 డిగ్రీలు దాటే ఊరివాళ్ళకి అక్కడి చలిని ఇంతకన్నా సూటిగా చెప్పే థర్మామీటర్ లేదు.

మంచు మీద జారే స్కీ నేర్చుకోవడానికి మేం నలుగురం ఫిబ్రవరి రెండో వారంలో కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కి వెళ్ళాం. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది శ్రీనగర్‌లో బస చేసి, ఒక్క పూటకి గుల్‌మార్గ్ వచ్చి, అద్దె కోటు తొడుక్కుని ఫొటోలు దిగి, సాయంత్రానికల్లా దిగిపోతారు. దానికి ఈ రాతంతా అక్కర్లేదు. కాళ్ళకి స్కీ పట్టుబడాలంటే మాత్రం కనీసం ఐదు రాత్రులు పైనే పడుకోవాలి. రోజూ శ్రీనగర్ నుంచి వచ్చిపోతే మంచు బాగుండే వేళంతా దారిలోనే అయిపోతుంది.

తేదీల సంగతి ముందు తేల్చుకోవాలి. కాశ్మీరీలు డిసెంబర్ 21 నుంచి జనవరి 30 దాకా 40 రోజుల చలిని చిల్లై కలాన్ అంటారు. ఆ తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆపైన 10 రోజులు చిల్లై బచ్చా. లెక్క ప్రకారం మొదటి 40 రోజుల్లోనే మంచు దండిగా పడాలి. కానీ 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్‌మార్గ్ మైదానంలో ఎండుగడ్డే కనిపించింది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చిలో జరిగాయి. అక్కడి మంచంతా మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడుల పుణ్యం. మన రైతు జూన్‌లో మబ్బు కోసం చూసినట్టు వాళ్ళూ పడమర వైపే చూస్తుంటారు. అందుకే జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపల తేదీలు పెట్టుకుని, రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోవాలి.

మన ఊరి పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది శ్రీనగర్‌లోనే. దారి ఒకటే గానీ ఆ దారిన పోయే ఓపిక మాకు లేదు. అనంతపురం వాళ్ళకి హైదరాబాద్ కంటే బెంగళూరు విమానాశ్రయమే దగ్గర, సుమారు 180 కిలోమీటర్లు. అది నగరానికి ఇవతల, మన వైపే ఉంది కాబట్టి బెంగళూరు ట్రాఫిక్ బాధ కూడా లేదు. రైలే కావాలంటే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ అనంతపురంలో ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి కట్రా. 2025 జూన్ నుంచి కట్రా–శ్రీనగర్ మధ్య వందే భారత్ నడుస్తోంది. మంచు కురిసి విమానాలు రద్దయిన రోజున ఈ రైలు అక్కరకొస్తుంది.

బయల్దేరే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది: ఫోను. మన రాష్ట్రంలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది. నలుగురిలో ఇద్దరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి, అదీ వారం ముందే మార్పించుకోవాలి. విమానం దిగాక గుర్తొస్తే గదివాడికీ టాక్సీవాడికీ ఫోన్ చేసే దారి ఉండదు.

శ్రీనగర్ ఎత్తు 1,585 మీటర్లు, గుల్‌మార్గ్ 2,650. అనంతపురం 350 మీటర్లు కూడా ఉండదు. ఒక్క రోజులో అంత ఎత్తుకి పోతే తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, నిద్ర పట్టకపోవడం మామూలే. మొదటి రాత్రి శ్రీనగర్‌లో ఆగితే ఈ బాధ సగం తగ్గుతుంది. మరునాడు టంగ్‌మార్గ్ దాకా మామూలు కారు పోతుంది. అక్కణ్ణించి పైకి 13 కిలోమీటర్లు దేవదారు చెట్ల మధ్య మెలికల దారి. మంచు ఉన్న రోజుల్లో చక్రాలకి గొలుసులు కట్టిన బండ్లనో ఫోర్ బై ఫోర్ బండ్లనో మాత్రమే పోనిస్తారు. అక్కడ దిగగానే గమ్‌బూట్లు, కోట్లు అద్దెకిచ్చేవాళ్ళు చుట్టుముట్టి, ఇవి లేకుంటే పైకి పోనివ్వరంటారు. అదంతా ఉత్త మాట. సొంత బట్టలుంటే దణ్ణం పెట్టి ముందుకి నడవండి.

ఆ సొంత బట్టల్లో నూలు ఉండకూడదు. నూలు బనియన్ చెమటని పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, కదలడం ఆపగానే ఆ తడే ఒంటిని చల్లబరుస్తుంది. జీన్స్ అయితే మరీ అన్యాయం, మోకాళ్ళ దగ్గర తడిసి గంటలో రేకులా బిగుసుకుంటుంది. ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు దిగని జాకెట్టూ ప్యాంటూ ఉంటే చాలు. ఒక్క లావాటి స్వెటర్ కంటే ఈ మూడు పొరలూ నయం, వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు. ఊలు గ్లవ్స్ పది నిమిషాల్లో తడుస్తాయి, నీళ్ళు పట్టనివే కొనాలి. కళ్ళకి గాగుల్స్, పెదాలకి క్రీము, ముఖానికి సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఎండంటే మనకి లెక్కలేదుగానీ, కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ముక్కు కిందా గడ్డం కిందా చర్మం కమిలేది అందుకే.

ఇక అసలు సంగతి బూటు. అద్దె దుకాణాలు చెక్క గదులు, లోపల తడి ఊలు వాసన, పొయ్యి చుట్టూ ఆరబెట్టిన బూట్లు. మన చెప్పుల నంబరు ఇక్కడ పనికిరాదు. స్కీ బూటు కొలత అంటే పాదం పొడవే, సెంటీమీటర్లలో. గోడకి మడమ ఆనించి నిలబడి కొలిస్తే 26.5 వచ్చిందనుకోండి, అదే మీ సైజు. దుకాణంవాడు తొందరపెట్టి ఒక సైజు పెద్దది అంటగడతాడు, తొడుక్కోవడానికి సుఖంగా ఉంటుంది కాబట్టి మనమూ సరేనంటాం. తప్పంతా అక్కడే జరుగుతుంది. బూటు వదులైతే లోపల మడమ లేస్తుంది, కాలు తిప్పినా స్కీ తిరగదు. సరిచూడాలంటే లోపలి మెత్తని తొడుగు బయటికి లాగి, ఉత్త ప్లాస్టిక్ డొప్పలో పాదం పెట్టి, వేళ్ళు ముందుకి ఆనించి, మడమ వెనక చెయ్యి దూర్చాలి. ఒకటి, రెండు వేళ్ళ సందు ఉంటే సరిపోయినట్టు. నాలుగు వేళ్ళు దూరితే ఆ బూటు వద్దు.

తొడుక్కునేటప్పుడు ఒకే సాక్సు వేసుకోవాలి. చలి అని రెండు వేస్తే రక్తం ఆడక వేళ్ళు ఇంకా మొద్దుబారతాయి. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు, ఆ మడతే సాయంత్రానికి ముంజకాలి మీద వాత పెడుతుంది. మడమని నేలకేసి రెండుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టాక ముందు పై బకిల్స్, తర్వాత కింది బకిల్స్ పెట్టుకోవాలి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి.

స్కీ పొడవు కొత్తవాళ్ళకి గడ్డం దాకా వస్తే చాలు. బూటుని పట్టుకునే బైండింగ్ మీద ముందూ వెనకా చిన్న కిటికీలో ఒక అంకె కనిపిస్తుంది. ఎంత బలం పడితే బూటు ఊడిపోవాలో చెప్పేది అదే. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, అనుభవం చూసి దాన్ని మార్చాలి. మీకు ముందు ఎవడో 90 కిలోల మొనగాడు వాడిన జతని అలాగే ఇచ్చేస్తే, మీరు పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలి లిగమెంటు ఊడుతుంది. బరువు చెప్పి, కళ్ళముందే స్క్రూడ్రైవర్‌తో సరిచేయించుకోండి. విసుక్కున్నా సరే. ఇంకో చిన్న ముచ్చట: బూటు అడుగున మంచు అంటుకుని ఉంటే మడమ పూర్తిగా లాక్ కాదు. నాలుగడుగులు జారగానే ఊడి, స్కీ ఒక పక్కా మనిషి ఒక పక్కా పోతారు. పోల్ (చేతికర్ర) మొనతో గీకి, తర్వాతే నొక్కాలి.

కొత్తవాళ్ళు నేర్చుకునేది ఊరి మధ్యనున్న గోల్ఫ్ మైదానం పక్క వాలుల మీద. మొదటి రోజు ఒక్క కాలికే స్కీ కట్టుకుని చదునులో తోసుకోవడం, పక్కవాటుగా అడుగులేసి గట్టెక్కడం, పడి లేవడం, అంతే. పడబోతే పక్కకి పడాలి. పోల్ తాడు మణికట్టుకి తగిలించుకోకపోవడమే మేలు, పడ్డప్పుడు బొటనవేలు విరుచుకుపోయేది దాని వల్లే. రెండో రోజు నాగలి పద్ధతి: స్కీల ముందు మొనలు పిడికెడు దూరంలో, వెనక చివరలు విడిగా, మోకాళ్ళు ముందుకి. ముంజకాలు బూటు నాలుకని నొక్కుతూ ఉండాలి. భయమేస్తే ఒళ్ళు దానంతటదే వెనక్కి వాలుతుంది. వాలిందా, బరువు స్కీల వెనక భాగం మీదికి పోయి ముందు భాగానికి పట్టు పోతుంది, వేగం ఇంకా పెరుగుతుంది. మూడో రోజంతా ఈ ఒక్క దాంతోనే పోరు. మలుపు దీనికన్నా తేలిక: కుడికాలి మీద బరువు వేస్తే ఎడమకి తిరుగుతుంది.

పైకి లాక్కెళ్ళే డ్రాగ్ లిఫ్టులో గుండ్రటి బిళ్ళ కాళ్ళ మధ్యకి వస్తుంది. అది పీట కాదు, దాని మీద కూర్చుంటే వెనక్కి పడతారు. నిలబడి, అది తోస్తుంటే పోవడమే. మధ్యలో పడితే బిళ్ళ వదిలేసి వెంటనే దారి పక్కకి దొర్లాలి, వెనకవాడు వస్తుంటాడు. వేళ కూడా చూసుకోవాలి. పొద్దున తొమ్మిదికి వాలు రాయిలా ఉంటుంది, అద్దె స్కీల మొద్దు అంచులు దాని మీద పట్టవు. పదిన్నర నుంచి రెండు దాకా బాగుంటుంది. పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే 1968లో పెట్టిన భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ అక్కడే ఉంది, నెలల ముందే పేరు ఇచ్చుకోవాలి.

గండోలా అంటే తీగ మీద డబ్బాల్లో కొండెక్కించే రోప్‌వే, అది రెండు దశలు. మొదటిది 1998లో మొదలైంది, కొంగ్‌డూరి దాకా, సుమారు 3,080 మీటర్లు. రెండోది 2005లో వచ్చింది, అఫర్వాట్ కొండ భుజం మీద 3,950 మీటర్ల దాకా పోతుంది. టికెట్లు ఆన్‌లైన్‌లోనే, పేరూ గుర్తింపు కార్డూ చూసి ఇస్తారు. గైడు ఉంటేనే ఎక్కనిస్తారని చెప్పేవాళ్ళని నమ్మొద్దు. గాలి ఎక్కువైతే రెండో దశ ఆపేస్తారు, అందుకే దాన్ని ఫలానా రోజని ముడిపెట్టుకోకుండా తెల్లారి ఆకాశం చూసి వెళ్ళాలి. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతం చిల్లర. నాలుగడుగులు వేగంగా వేస్తే చాలు, ఎగశ్వాస వస్తుంది. తల పట్టేసినట్టుంటే వచ్చే డబ్బాలోనే దిగిపోవాలి. తెరిపిగా ఉన్న రోజు ఉత్తరాన 8,126 మీటర్ల నంగా పర్వతం కనిపిస్తుంది.

అక్కణ్ణించి స్కీ మీద దిగడం మన పని కాదు. అఫర్వాట్ వాలులు 30 నుంచి 45 డిగ్రీల మధ్యవి, మంచు చరియలు విరిగి జారే కోణం సరిగ్గా అదే. 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ ఆ కొండ మీదే మంచు చరియల కింద పడి చనిపోయారు. కొత్త మంచు కురిసిన మొదటి ఒకటి, రెండు రోజులు మరీ ప్రమాదం. కూరుకుపోయినవాణ్ణి పావుగంటలో తవ్వి తీస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత గబగబా పడిపోతుంది. ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయినవాణ్ణి సంకేతంతో వెతికే పరికరం), మంచులో గుచ్చి చూసే పొడవాటి ప్రోబ్ కడ్డీ, పార లేకుండా, వాటిని వాడటం రాకుండా హద్దుగా కట్టిన తాడు దాటి పోకూడదు.

గదిలో బుఖారీ ఉంటే తలుపు కింద సందు దుప్పటితో మూయొద్దు, కాంగ్‌డీ కుంపటి పక్కలో పెట్టుకుని పడుకోవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకి వాసన ఉండదు. కొళాయి రాత్రంతా సన్నగా కారుతుంటే కట్టేయకండి, గొట్టం గడ్డకట్టకుండా వాళ్ళే అలా వదులుతారు.

తిండికి దిగుల్లేదు, కాశ్మీరీలూ అన్నం తినేవాళ్ళే. హాక్ ఆకుకూర, తామరతూడుతో చేసే నద్రూ మనకి సరిపోతాయి. ఉప్పు టీ మాత్రం మాలో ఎవరూ రెండోసారి అడగలేదు. సొంతంగా వండుకోబోతే చిక్కు వస్తుంది. ఆ ఎత్తున నీళ్ళు 91 డిగ్రీలకే మరుగుతాయి, కెటిల్లో వేసిన ఉప్మా రవ్వ ఎంతసేపటికీ బిరుసుగానే ఉంటుంది. బొరుగులకి ఆ గొడవ లేదు. నీళ్ళలో తడిపి పిండి, ఇంట్లోనే వేయించి తెచ్చుకున్న తాలింపూ పుట్నాల పొడీ కలిపితే పది నిమిషాల్లో ఉగ్గాని తయారు. బజ్జీలు లేవన్న లోటు ఒక్కటే.

తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ పెట్టుకోవాలి. మంచో పొగమంచో పడితే శ్రీనగర్ విమానాలు వరసగా రద్దవుతాయి. విమానాశ్రయానికి ముందు డ్రాప్ గేటు దగ్గరే కారులోంచి దింపి సామానంతా స్కాన్ చేయిస్తారు, లోపల మళ్ళీ తనిఖీలు. మూడు గంటల ముందు చేరితేనే నిదానంగా ఉంటుంది. పవర్ బ్యాంకు చేతి సంచిలో, ఊరగాయ సీసా లగేజీలో.