హవానా చుట్ట: ఘాటు ఎక్కడిది, రుచి ఎక్కడిది

పొగాకు మొక్కలో అడుగు ఆకుకీ కొస ఆకుకీ ఉన్న తేడా తెలిస్తే హవానా చుట్టల గురించి సగం తెలిసినట్టే. మిగతా సగం కాల్చి చూస్తే గానీ తెలియదు. ఆ రెండు సగాల కోసం ఫిబ్రవరిలో టొరంటో మంచు వదిలి బావా నేనూ క్యూబా వెళ్ళాం. మాది గోదావరి లంక ఊరు. వరద తీశాక ఒండ్రు మట్టిలో పొగాకు నాటడం, కోయడం, ఎండకట్టడం నాన్నగారి తరం దాకా మా ఇంట్లో సాగిన పని. అందుకే కెనడా వాళ్ళందరూ పరిగెత్తే వరదేరో బీచిల వైపు మేం చూడలేదు. హవానాలో దిగిన మర్నాడే బస్సెక్కి పడమరగా పినార్ దెల్ రియో రాష్ట్రంలోని విన్యాలెస్‌కి బయల్దేరాం. దూరం సుమారు 180 కిలోమీటర్లు. రోడ్డు మీద గుర్రబ్బళ్ళు, పాత ట్రాక్టర్లు, అరచేయి చాపి లిఫ్టు అడిగే జనం.

విన్యాలెస్ లోయకి 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఎర్రమట్టి నేల మధ్యలో నిటారుగా లేచిన సున్నపురాతి గుట్టలు, వాటి పాదాల దగ్గర పొగాకు మళ్ళు. ఇప్పటికీ ఎడ్లతోనే దున్నుతున్నారు. మేం వెళ్ళేసరికి కోతలు మంచి ఊపు మీదున్నాయి. మేం దిగిన ఇంటావిడ పొద్దున్నే తన మరిది తోటకి పంపించింది. గైడు కుర్రాడికి ఇంగ్లీషు వచ్చు, రైతుకి స్పానిష్ తప్ప రాదు. అయినా ఆ రైతు ఆకు తుంచి నా చేతిలో పెట్టగానే వేళ్ళకి నల్లటి జిగురు అంటుకుంది. సబ్బుతో రుద్దినా ఓ పట్టాన వదలని ఆ జిగురు మా లంకలో పుట్టినవాడికి ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు.

ఆకు కోత అడుగు నుంచి మొదలవుతుంది. ఓ రెండు మూడు ఆకులు కోసి, కొన్ని రోజులు ఆగి, పైవి కోస్తారు. అడుగు ఆకు వొలాదో. పల్చగా ఉంటుంది, ఘాటు తక్కువ, చక్కగా మండుతుంది. నడిమి ఆకు సెకో. వాసన అంతా దీన్లోదే. పైన ఎండ నేరుగా తగిలే ఆకు లిహెరో. మందంగా, నూనెగా, ముదురు రంగులో ఉంటుంది, నికోటిన్ ఎక్కువ, నిదానంగా కాలుతుంది. అందుకే చుట్టేటప్పుడు లిహెరోని సరిగ్గా మధ్యలో పెడతారు. పక్కకి జరిగితే చుట్ట ఒంటివైపు కాలుతుంది. ఈ మూడింటి పాళ్ళు మార్చడమే బ్లెండు. ఒక సిగార్ ఎందుకు తల తిప్పుతుంది, ఇంకొకటి ఎందుకు తిప్పదు అన్నదానికి చాలావరకు జవాబు ఇందులోనే ఉంది.

తోట పక్కనే తాటాకు కప్పిన ఎత్తయిన పాక. ఆకుల్ని సూదీ దారంతో జంటలుగా గుచ్చి, కర్రలకి వేలాడదీసి, నీడలోనే గాలికి ఆరబెడతారు. పచ్చ రంగు పోయి పసుపు, పసుపు పోయి గోధుమ రంగు రావడానికి దాదాపు 50 రోజులు. ఆ తర్వాత మండె వేస్తారు, అంటే ఆకుల్ని కుప్పగా పేర్చి మాగబెడతారు. మండెలో వేడి పుట్టి, ఆకు చెమర్చి, అందులోని అమ్మోనియా ఘాటు బయటికి పోతుంది. సరిగ్గా మాగని ఆకు ఎంత మంచి తోటదైనా గొంతు గీరుతుంది. రుచి తేలేది ఇక్కడే. ఘాటు మొక్క మీదే తయారవుతుంది కానీ రుచి మనిషి ఓపిక మీద ఆధారపడుతుంది. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇన్నాళ్ళూ “ఘాటుంటేనే సరుకు” అంటుంటే తలూపేవాణ్ణి. ఆ పాకలో నిలబడ్డాక ఇక ఊపను. కారం ఎక్కువైతే ఆవకాయ గొప్పదైపోదు కదా.

రైతు మా ముందే ఒక చుట్ట చుట్టాడు. ఆకు నడిమి ఈనె లాగేసి, నికోటిన్ అంతా ఆ ఈనెలోనే ఉంటుందని, తన చుట్ట అందుకే ఒంటికి మంచిదని చెప్పాడు. ఆ వైపు ప్రతి తోటలో ఈ మాట వినిపిస్తుంది. అది నిజం కాదు. నికోటిన్ ఎక్కువగా ఆకు రెక్కలోనే ఉంటుంది, ఈనె తీయడం ఫ్యాక్టరీల్లోనూ మామూలే. చివర్న చుట్ట మొదలుని తేనెలో ముంచి ఇచ్చాడు. బావ లొట్టలేశాడు. నేను మాత్రం తేనె లేనిది అడిగి తీసుకున్నాను, ఆకు సంగతి తెలుసుకోవడానికి వచ్చి నాలిక మీద తీపి పూసుకోవడం దేనికి? పండిన దాంట్లో 90 శాతం ప్రభుత్వానికి అమ్మి, 10 శాతం రైతు ఉంచుకుంటాడట. ఆ పది శాతంలోదే ఈ చుట్ట. పచ్చిదనం ఇంకా పోలేదు, కొంచెం చేదు, కానీ మట్టి వాసన నిండుగా ఉంది.

మర్నాడు సాన్ లూయిస్ వైపు వెళ్ళాం. అదీ, పక్కనున్న సాన్ హువాన్ ఇ మార్తినెస్ కలిసి వ్వెల్తా అబాహో అనే పొగాకు ప్రాంతానికి గుండెకాయ. పై చుట్టు ఆకు కోసం ఇక్కడ మొక్కల మీద తెల్లటి పల్చటి గుడ్డ పందిరి వేస్తారు. నీడన పెరిగిన ఆకు పెద్దదిగా, నున్నగా, ఈనెలు కనీకనపడకుండా వస్తుంది. చుట్ట అందం, ధర చాలావరకు ఆ ఒక్క ఆకుదే.

హవానాకి తిరిగొచ్చాక అసలు పని మొదలెట్టాం. ఫ్యాక్టరీ హాల్లో చుట్టేవాళ్ళకి పేపరూ నవలలూ చదివి వినిపించే మనిషి ఉంటాడు. 1865 నుంచీ ఉన్న సంప్రదాయం. హాల్లో బల్లల వరసలు, అర్ధచంద్రాకారపు కత్తి చప్పుడు, పైనుంచి మైకులో గొంతు. మా ఎదుట ఉన్నావిడ రెండు మూడు రకాల ఆకుల్ని గుప్పిట్లో మడిచి, లోచుట్టు వేసి, అచ్చులో పెట్టి, తీశాక పై ఆకుని వేలి కొసలతో సాగదీస్తూ తిప్పింది. చివర్న చిటికెడు జిగురు, గుండ్రటి చిన్న టోపీ. ఒక్క ముడత లేదు. నేను కదల్లేదు, బావ భుజం పట్టి లాగితే గానీ.

వీధిలో “మా అన్న ఫ్యాక్టరీలో చేస్తాడు, ఇవాళ ఒక్కరోజే తగ్గింపు” అనేవాళ్ళు అడుగడుగునా తగులుతారు. నమ్మకండి. మేం ప్రభుత్వ దుకాణంలోనే కొన్నాం.

పోల్చి చూడాలంటే కొలత ఒక్కటే ఉండాలని నా పట్టుదల. హోయో దె మోంతెర్రెయ్ బ్రాండు ఎపిక్యూర్ నంబర్ 2, పార్తగాస్ బ్రాండు సెరీ డి నంబర్ 4 రెండూ రోబుస్తో అనే కొలతవే. పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 రింగులు. రింగు అంటే అంగుళంలో 64వ వంతు. అచ్చం ఒకే కొలత కాబట్టి తేడా అంటూ ఉంటే ఆకుదే. రోజుకొకటి చొప్పున, రాత్రి భోంచేశాక, ఇంటి డాబా మీద కూర్చుని వెలిగించాం.

హోయో తేలిక. దేవదారు చెక్క వాసన, పాలమీగడ లాంటి మెత్తదనం, నడిమికొచ్చేసరికి వేయించిన గింజల రుచి. ఇందులో ఘాటు లేదని పక్కన పెట్టేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇంత పొందిగ్గా, చివరిదాకా గొంతు పట్టకుండా నడిచిన చుట్ట ఇంకొకటి దొరకలేదు. పొగ గుండెల్లోకి పీల్చకుండా నోట్లో తిప్పి, కొంచెం ముక్కులోంచి వదిలితేనే ఆ చెక్క వాసన పూర్తిగా తెలుస్తుంది.

పార్తగాస్ తీరు వేరు. మొదటి దమ్ములోనే మిరియం. తర్వాత తడి మట్టి, తోలు, మాడీమాడని కాఫీ గింజ. 1845లో మొదలైన పేరది, ఘాటుకే ప్రసిద్ధి. బావ ఇది ఖాళీ కడుపుతో వెలిగిస్తానని మొండికేశాడు. సగానికొచ్చేసరికి మొహం పాలిపోయి చెమటలు. కింద కొట్టువాడు నవ్వుతూ గ్లాసుడు చెరకు రసం ఇచ్చాడు. అది తాగి కాసేపు కూర్చున్నాక తేరుకుని, “ఏరా బామ్మర్దీ, అయినా నాకిదే నచ్చింది” అన్నాడు. నేనేం వాదించలేదు. తల తిరిగినా ఆ రుచి కావాలనిపించింది అంటే అది అతని నాలిక.

మోంతెక్రిస్తో నంబర్ 4 సన్నం, 42 రింగులే. సన్నదాంట్లో పై ఆకు వాటా ఎక్కువ, వేడీ త్వరగా ఎక్కుతుంది, అందుకే తొందరపడి లాగకూడదు. కాఫీ, కోకో, నాలిక చివర చిన్న పులుపు. ఘాటులో పై రెండింటికీ మధ్యన. అరగంట చాలు. కోహీబా కూడా ఒకటి కాల్చాం. దాని సెకో, లిహెరో ఆకుల్ని చెక్క పీపాల్లో మూడోసారి మాగబెడతారు. పచ్చగడ్డి వాసన, చాలా నున్నటి పొగ. బాగుంది. కానీ 2022లో ధరలు విపరీతంగా పెరిగాక ఆ డబ్బుకి రెండు మూడు హోయోలు రావా అనిపిస్తుంది. నేను మళ్ళీ కొనను.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. పొగ లోపలికి పీల్చకపోయినా నోటి కేన్సర్ ముప్పు ఉంది. శ్రీకాకుళం వైపు నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగిన ఆడవాళ్ళ అంగిట్లో పుండ్లు, కేన్సర్లు ఎందరు డాక్టర్లు రాశారో. ఆ కొరివి నోట్లో పెట్టుకునే అలవాటుకీ మా డాబా మీద చుట్టకీ మోతాదులో తేడా ఉండొచ్చు, ఆకు ఒకటే. అలవాటు లేనివాళ్ళు ఈ వ్యాసం చదివి మొదలెట్టక్కర్లేదు.

తిరిగొచ్చేటప్పుడు నేను హోయో, మోంతెక్రిస్తో తీసుకున్నాను, బావ పార్తగాస్ పెట్టె. ఇండియా వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు కస్టమ్స్ లెక్క గుర్తుంచుకోండి, సుంకం లేకుండా 25 సిగార్ల దాకానే. టొరంటో చలికాలంలో ఇంట్లో గాలి మరీ పొడి, బయట పెడితే వారంలో పై ఆకు పగిలిపోతుంది. అందుకే దేవదారు పెట్టెలో 65 నుంచి 70 శాతం తేమ ఉండేలా తేమనిచ్చే ప్యాకెట్లు వేసి పెట్టాం. ఎండాకాలం దాకా ఆగితే కొత్త ఆకు కరుకుదనం ఇంకాస్త తగ్గుతుంది. అప్పుడు బావ పార్తగాస్ ఒకటి నేనూ, నా హోయో ఒకటి అతనూ కాల్చాలని మాట అనుకున్నాం, ఈసారి భోంచేశాకే.